స్క్రీనింగ్ మొదలుపెట్టబోయే అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

నీకు విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పోస్టింగ్ వచ్చిందని, అదీ మన శ్రీకాకుళం జిల్లాలోనే వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నీకు ఈ ఉత్తరం రాయాలని అనుకుంటున్నాను. బీపీ, షుగరు చూడటం గురించి నేను చెప్పవలసింది లేదు, ఆ విషయంలో నాకన్నా నువ్వే ఎక్కువ చదివావు. ముప్పయ్యేళ్లకు పైగా ఏఎన్ఎంగా, ఆ తరువాత సూపర్‌వైజరుగా ఊళ్లు తిరిగినదాన్ని కాబట్టి కేన్సర్ స్క్రీనింగ్ గురించి మాత్రం కొన్ని సంగతులు చెప్పగలను. ముప్పయ్యేళ్లు దాటినవారికి నోరు, ఆడవారికి రొమ్ము, గర్భసంచి ముఖద్వారం అయిదేళ్లకొకసారి చూడాలని 2016లోనే కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. వసతులు చాలకపోవడం ఒక కారణమే కాని, పరీక్షకు ముందు మనం సరిగా చెప్పకపోవడం, పరీక్ష తరువాత మనిషిని వదిలేయడం అంతకన్నా పెద్ద కారణాలని నా అనుభవం.

ముందు నోటి సంగతి. నీ పరిధిలోని ఊళ్లలో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో, అడ్డపొగ తాగేవారు ఇప్పటికీ ఉంటారు. చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకొని పొగ పీల్చే ఈ అలవాటు వల్ల వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అందుకే ఇతర ప్రాంతాల్లో అరుదుగా కనిపించే అంగిలి కేన్సర్ మన దగ్గర కనిపిస్తుంది. డెన్మార్క్‌కు చెందిన నోటి జబ్బుల నిపుణుడు పిండ్‌బోర్గ్, మన దేశపు వైద్యులు కలిసి ఈ జిల్లాలోనే 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఆ ఫలితాలను ప్రచురించారు. కాబట్టి నాలుక, బుగ్గల లోపలి భాగం చూసి ఊరుకోవద్దు. కట్టుడు పళ్లుంటే తీయించి, తల బాగా వెనక్కి వాల్పించి, టార్చి వెలుతురు అంగిలి మీద పడేలా చూడు. చుట్ట తాగేవారి అంగిలి చాలామందిలో తెల్లగా మందంగా మారి, అందులో ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఆ తెలుపులో ఎర్రగా, పలచగా, పచ్చిగా ఉన్న మచ్చ గాని, రెండు వారాలు దాటినా మానని పుండు గాని కనిపిస్తే ఆలస్యం చేయకుండా పంపాలి. ఆ మనిషి మూడు వేళ్లు నిలువుగా తన నోట్లో పట్టకపోతే, అంటే నోరు సరిగా తెరుచుకోకపోతే, గుట్కా, వక్కపొడి గురించి అడుగు.

చుట్ట మానమని మాత్రం మొదటి మాటగా అనవద్దు. అలా అంటే ఆవిడ నోరు మూసేస్తుంది, మళ్లీ తెరవదు. ఎన్నేళ్లప్పుడు మొదలుపెట్టావమ్మా, ఎవరు నేర్పారు అని అడుగు. పంటినొప్పికని ఒకరు, చలికని ఒకరు, అమ్మమ్మ వెలిగించి తెమ్మంటే అలవాటైందని ఒకరు చెబుతారు. ఆ కబుర్ల మధ్యనే నువ్వు చూడవలసింది చూడవచ్చు. చూశాక చిన్న అద్దం పెట్టి ఆవిడ అంగిలిని ఆవిడకే చూపించు. తన నోట్లోని తెల్లటి మచ్చను తొలిసారి కళ్లారా చూసుకున్నవాళ్లు చుట్ట గురించి తామే అడగడం నేను చాలాసార్లు విన్నాను.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒకసారి వీధి అరుగు మీద వరసగా చూస్తూ, ఒక ముసలమ్మ అంగిలి మీద ఎర్ర మచ్చ కనబడగానే, పక్కన నలుగురు కూర్చొని ఉండగానే, ‘ఇది అనుమానంగా ఉంది, పట్నం వెళ్లాలి’ అని చీటీ రాసి చేతిలో పెట్టాను. రిజిస్టరులో ‘రిఫర్డ్’ అని రాసుకొని తరువాతి ఇంటికి వెళ్లిపోయాను. ఆవిడ వెళ్లలేదు. ఆ సాయంత్రానికే ఊరంతా ఆ జబ్బు పేరు పాకింది, కోడలు ఆవిడ కంచం, గ్లాసు వేరు చేసింది, కేన్సర్ అంటుకోదని ఆ ఇంట్లో చెప్పవలసిన నేను మళ్లీ ఆ వీధికి వెళ్లేసరికి ఏడాది దాటింది. అప్పటికి అన్నం మెతుకులు ముక్కులోంచి వస్తున్నాయని చెప్పింది. రిజిస్టరులో మాత్రం ఆవిడ పని పూర్తయినట్టే ఉంది.

అందుకే అనుమానం కనిపించినప్పుడు మనిషిని పక్కకు తీసుకువెళ్లి, కూర్చోబెట్టి చెప్పు. ‘ఇది కేన్సర్ అని నేను అనడం లేదు, చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే గాని ఎవరూ చెప్పలేరు, ముందుగా తెలిస్తే చిన్న వైద్యంతో పోతుంది’ అన్న మూడు మాటలూ చెప్పి, వాటిని ఆవిడ చేతనే తిరిగి చెప్పించు. ఎవరు తోడు వెళతారు, ఏ రోజు వెళతారు, మేకలను ఎవరు చూస్తారు, బస్సు ఛార్జీ ఉందా, రేషన్ కార్డు, ఆధార్ ఎక్కడున్నాయి అని అప్పుడే అడుగు. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో కేన్సర్ వైద్యం ఉందని చెప్పు. ఖర్చుకు భయపడే ఆగిపోయేవారు ఎక్కువ.

గర్భసంచి ముఖద్వార పరీక్ష విషయంలో ఇంకొక జాగ్రత్త కావాలి. మన రాష్ట్రంలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు చాలామంది ఉన్నారని నీకు తెలుసు. తెల్లబట్ట అవుతోందని వెళితే ‘పుండు పడింది, కేన్సర్ అవుతుంది, తీసేయాలి’ అని బెదిరించి ఆపరేషనుకు పంపినవారిని నేను ఎరుగుదును. కాబట్టి నీ పరీక్ష ఆ భయానికి తోడు కాకూడదు. అయిదు శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే అయిదు మిల్లీలీటర్ల గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లాన్ని తొంభై అయిదు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటరులో కలిపి, ఏ రోజుకారోజు తయారు చేసుకోవాలి. దాన్ని ముఖద్వారానికి పూసిన తరువాత గడియారం చూసి పూర్తిగా ఒక నిమిషం ఆగాలి. దట్టంగా, అంచు స్పష్టంగా తెల్లబడితేనే పాజిటివ్. అది కేన్సర్ కాదని, గర్భసంచి తీయించుకోవడానికి కారణం అసలే కాదని, చాలామందికి ఆ భాగం వరకు వేడితో గాని చలితో గాని చికిత్స చేస్తే సరిపోతుందని గట్టిగా చెప్పు. యాభై దాటినవారిలో మనం చూడవలసిన అంచు, అంటే ఈ కేన్సర్ సాధారణంగా మొదలయ్యే చోటు, లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి, అది కనబడకపోతే ‘బాగుంది’ అని రాయకుండా పై ఆసుపత్రికి పంపు. నువ్వు డాక్టరువు కాదు కదా అని ఎవరైనా అంటే నొచ్చుకోవద్దు. ముంబయి మురికివాడల్లో పదో తరగతి చదివిన స్త్రీలకే టాటా మెమోరియల్ కేన్సర్ ఆసుపత్రి వారు శిక్షణ ఇచ్చి, రెండేళ్లకొకసారి ఈ పరీక్ష చేయిస్తే, ముఖద్వార కేన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

రొమ్ము గురించి ఒక్కటే. నొప్పి లేని గడ్డను మనవాళ్లు పట్టించుకోరు, నొప్పి ఉంటేనే జబ్బు అనుకుంటారు. ఆ నమ్మకం తప్పని ప్రతి ఒక్కరికీ చెప్పు, చంకలు కూడా తడిమి చూడు.

పై నుంచి టార్గెట్ ఒత్తిడి వస్తుంది, యాప్‌లో ఎక్కించిన సంఖ్యే అడుగుతారు. రోజుకు ఇంతమంది అని ఎక్కిస్తూ నోరు తెరిపించకుండానే ‘నార్మల్’ నొక్కేవారిని చూశాను. అలా నొక్కితే ఆ మనిషికి అయిదేళ్లపాటు లేని ధైర్యం ఇచ్చినట్టు అవుతుంది. నిజంగా ఏమీ లేనివారికి కూడా, ఈలోగా, ముట్లు పూర్తిగా ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడినా, భర్తతో కలిసిన తరువాత కనబడినా అయిదేళ్లు ఆగకుండా రమ్మని చెప్పి పంపాలి. ఊడ్పుల రోజుల్లోను, జీడిపిక్కలు ఏరే రోజుల్లోను పగటిపూట ఆడవాళ్లు ఇంట్లో ఉండరు. ఆ నెలల్లో కొత్తవారిని వెతకడం మాని, పాత చీటీల వెంట సాయంత్రాలు తిరుగు. దానికి యాప్‌తో పాటు ఒక నోటు పుస్తకం పెట్టుకో. పంపిన తేదీ, వెళ్లిన తేదీ, ముక్క పరీక్ష ఫలితం, వైద్యం మొదలైన తేదీ అని నాలుగు గళ్లు గీసి, నాలుగో గడి నిండేవరకు ఆ పేరు కొట్టేయవద్దు. 104 బండి వచ్చిన రోజున డాక్టరుగారి ముందు ఆ పుస్తకం తెరిచి పెట్టు.

అంగిలి చూడటానికి నేను వాడిన చిన్న అద్దాలు రెండు మీ నాన్నతో పంపుతున్నాను. ఒకదాని పిడి కొంచెం వదులైంది, రెండోది బాగుంది. ఒక్కొక్కరికీ వాడాక ఇరవై నిమిషాలు మరిగించు, లేదా పీహెచ్‌సీలో ఆటోక్లేవ్, అంటే ఆవిరితో క్రిమిశుద్ధి, చేయించు. టార్చి మాత్రం కొత్తది కొనుక్కో, తెల్లటి వెలుతురు ఇచ్చేది. పసుపు వెలుతురులో ఎర్ర మచ్చ దొరకదు.

ఇట్లు,
మీ పిన్ని