కంట్రోల్ మగ చేపల్లో విటెల్లోజెనిన్: పొరపాటును ఎక్కడ వెతకాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మగ జీబ్రా చేపలను 21 రోజులు బిస్‌ఫినాల్-ఎ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) కలిపిన నీళ్లలో ఉంచారు. కాలేయం తీసి క్యూపీసీఆర్‌తో (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పద్ధతి) విటెల్లోజెనిన్ జన్యువును కొలిచారు. రసాయనం తగలని కంట్రోల్ మగ చేపల్లో కూడా ఆ జన్యువు బాగానే కనిపించింది. కంట్రోల్ విలువను ఒకటిగా తీసుకుని మిగతావాటిని దానితో పోల్చుకుంటూ ముందుకు వెళ్లవచ్చా అని అడుగుతున్నారు.

దయచేసి అలా వెళ్లవద్దు. ఇదే చోట నేను దాదాపు మూడు నెలలు ఆగిపోయాను. అప్పుడు తెలిసినదంతా చెబుతాను.

విటెల్లోజెనిన్ గుడ్డులోని పచ్చసొనకు ముడిసరుకు. ఆడ చేప అండాశయం నుంచి ఈస్ట్రోజన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది, కాలేయ కణాల్లోని గ్రాహకానికి అతుక్కుంటుంది, ఆ గ్రాహకం వెళ్లి విటెల్లోజెనిన్ జన్యువును పని చేయిస్తుంది. మగ చేపలోనూ ఈ జన్యువు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈస్ట్రోజన్ చాలినంత లేక నిద్రలో ఉంటుంది, అంతే. నీళ్లలో ఈస్ట్రోజన్‌లా పనిచేసే రసాయనం ఏది కలిసినా అది మేల్కొంటుంది. గుడ్డు పెట్టని జీవి గుడ్డుకు కావలసిన సరుకు తయారు చేయడం మొదలుపెడుతుంది. ఈ పరీక్షకు ఉన్న బలమంతా ఆ నిద్రలోనే ఉంది. అడుగున నిశ్శబ్దం లేకపోతే పైన వినిపించే శబ్దానికి విలువ లేదు.

నిశ్శబ్దం అన్నాను గానీ అది పూర్తి సున్నా కాదు. ఆరోగ్యంగా ఉన్న మగ చేప కాలేయంలోనూ ఈ జన్యువు కొద్దిగా పలుకుతూనే ఉంటుంది. కాబట్టి కనిపించిందా లేదా అన్నది కాదు, ఎన్నో సైకిల్‌లో కనిపించిందన్నది చూడాలి. ఒక్కో సైకిల్‌లో నకళ్లు రెట్టింపవుతాయి; సంకేతం కనిపించిన సైకిల్ సంఖ్యే సీటీ, అది ఎంత తక్కువైతే జన్యువు అంత గట్టిగా పలుకుతున్నట్టు. నా చేతిలో శుభ్రమైన మగ చేపలకు సీటీ విలువ 30 దాటేది. ప్రైమర్లను (ఆ జన్యువును గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలను) బట్టి, వాడిన ఆర్‌ఎన్‌ఏను (పనిచేసే జన్యువు నుంచి వచ్చే నకలును) బట్టి మీకు ఒకటి రెండు సైకిళ్లు అటూ ఇటూ కావచ్చు. 22, 24 వస్తుంటే మాత్రం ఎక్కడో ఏదో కలిసింది.

కంట్రోల్‌తో పోల్చి సరిపెట్టుకోవడం ఎందుకు ప్రమాదమో ఒక లెక్క చూడండి. రసాయనం తగిలిన చేపలో విటెల్లోజెనిన్ సీటీ 20, శుభ్రమైన కంట్రోల్‌లో 30, రిఫరెన్స్ జన్యువు (రసాయనంతో మారదని పోలికకు వాడేది) రెండింటిలోనూ ఒకటే అనుకుందాం. తేడా 10 సైకిళ్లు. సైకిల్‌కు రెట్టింపు చొప్పున 1,024 రెట్లు. అదే కంట్రోల్ కలుషితమై 24 వద్ద పలికితే తేడా 4 సైకిళ్లు, అంటే 16 రెట్లు. చేపలో జరిగింది ఒకటే, కాగితం మీద వేయి రెట్లు కాస్తా పదహారు రెట్లయింది. అందులోనూ మీరు ఎంచుకున్న బిస్‌ఫినాల్-ఎ బలహీనమైన ఈస్ట్రోజన్. గర్భనిరోధక మాత్రల్లో వాడే ఎథినైల్ ఈస్ట్రడయోల్ లీటరుకు కొన్ని నానోగ్రాములతో చేసే పనికి దీనికి వందల మైక్రోగ్రాములు కావాలి. అంత చిన్న సంకేతం మురికి కంట్రోల్ కింద పూర్తిగా మునిగిపోతుంది. మీరు 'ప్రభావం లేదు' అని రాసేస్తారు. అది అబద్ధమవుతుంది.

నా విషయానికి వస్తే, నేను పనిచేసింది ఎథినైల్ ఈస్ట్రడయోల్ మీద. స్టాక్ ద్రావణానికి ఇథనాల్ వాడాను కాబట్టి రెండు రకాల కంట్రోళ్లు పెట్టాను: ఉత్త నీళ్లది ఒకటి, నీళ్లలో ఇథనాల్ మాత్రమే కలిపినది ఒకటి. నీటి కంట్రోల్‌లో సీటీ 31 వచ్చింది. ఇథనాల్ కంట్రోల్‌లో 23. మొదట ఇథనాల్‌నే అనుమానించాను. ద్రావణి లీటరుకు 100 మైక్రోలీటర్లు దాటకూడదని ఓఈసీడీ (రసాయన పరీక్షలకు పద్ధతులు నిర్దేశించే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాల్లో ఉంది, నేను వాడింది అందులో సగం కూడా లేదు. తర్వాత, ఆడ చేపలను మగవనుకున్నానేమో అని దాచి ఉంచిన జననగ్రంథులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. అన్నీ వృషణాలే. ఆర్‌ఎన్‌ఏ మళ్లీ తీశాను, ప్రైమర్లు మార్చాను. ఆ 23 కదలలేదు.

చివరికి జవాబు నా నోటుపుస్తకంలోనే దొరికింది. రోజూ ద్రావణాలు కలిపిన వరుస అందులో రాసి ఉంది. ఎక్కువ గాఢత ముందు, తర్వాత మధ్యది, తర్వాత తక్కువది, అన్నిటికన్నా చివర ఇథనాల్ కంట్రోల్. అన్నిటికీ ఒకటే గాజు ఫ్లాస్కు, మధ్యమధ్యలో నీళ్లతో కడగడం. ఎథినైల్ ఈస్ట్రడయోల్ నీళ్లలో సరిగా కరగదు, పాత్ర గోడలకు పట్టుకుని ఉంటుంది. నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా కొంత మిగులుతుంది. ఆ తర్వాత పోసిన ఇథనాల్ దాన్ని ఊడదీసి నేరుగా కంట్రోల్ తొట్టిలోకి చేర్చింది. 21 రోజులు ప్రతిరోజూ నా చేతులతోనే ఆ చేపలకు మందు పెట్టాను. లీటరుకు ఒక నానోగ్రాము అంటే 100 కోట్ల లీటర్ల నీళ్లలో ఒక్క గ్రాము. ఆ స్థాయి రసాయనంతో పనిచేసేటప్పుడు శుభ్రమైన పాత్ర అన్న మాటకు అర్థమే వేరు. కంట్రోల్‌కు వేరే గాజు సామాను పెట్టి, కంట్రోల్ ముందు, తక్కువ గాఢత తర్వాత, ఎక్కువది చివర కలుపుతూ, ప్రతిదాన్నీ ఇథనాల్‌తో కడుగుతూ ప్రయోగం మొదటినుంచీ చేశాను. ఇథనాల్ కంట్రోల్ కూడా 31కి వచ్చింది.

మీ కేసులో కారణం ఇదే కావాలని లేదు. పొరపాటు చేపలను కోసి కాలేయం తీయడానికి ముందు జరిగినదా, తర్వాత జరిగినదా అన్నది ముందు తేల్చుకోండి. కోత తర్వాతి పొరపాట్లను పట్టుకోవడం తేలిక. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైము వేయని నమూనాను అదే ప్లేటులో నడపండి. అందులోనూ సంకేతం వస్తే మీరు కొలుస్తున్నది ఆర్‌ఎన్‌ఏను కాదు, మిగిలిపోయిన డీఎన్‌ఏను. డీఎన్‌ఏను ముక్కలు చేసే డీఎన్‌ఏజ్‌తో శుభ్రం చేసి, రెండు ఎక్సాన్ల (ఆర్‌ఎన్‌ఏలో మిగిలే జన్యు భాగాల) కలయిక మీద కూర్చునే ప్రైమర్లు తీసుకుంటే అది పోతుంది.

కోసే వరుస కూడా గుర్తు చేసుకోండి. జీబ్రా చేపలో కాలేయం విడిగా ఒక ముద్దలా ఉండదు. లేత రంగులో పల్చగా పేగుల మడతల చుట్టూ అల్లుకుని ఉంటుంది, మగ చేపలో అయితే కొన్ని మిల్లీగ్రాములే. ఆకుపచ్చగా కనిపించే పిత్తాశయం చిట్లకుండా దాన్ని విడదీయాలంటే ఫోర్సెప్స్ మొన ప్రతి మడతలోకీ వెళ్లాలి. అదే ఫోర్సెప్స్‌తో అంతకుముందు ఆడ చేపను కోసి ఉంటే, మొనకు అంటిన కాస్త కణజాలం చాలు. ఆడ చేప కాలేయంలో విటెల్లోజెనిన్ ఆర్‌ఎన్‌ఏ అంత విపరీతంగా ఉంటుంది. మగవాటిని ముందు, అందులోనూ కంట్రోళ్లను ముందు కోయండి, చేపకూ చేపకూ మధ్య పనిముట్లు శుభ్రం చేయండి.

ఈ రెండూ కావని తేలితే కారణం తొట్టిలోనే ఉంది. మగ చేపలను ఆడ చేపలతో కలిపి ఉంచారా? ఆడ చేపలు నీళ్లలోకి వదిలే ఈస్ట్రోజన్ తక్కువేమీ కాదు. మేతలో సోయా ఉందా? సోయాలోని జెనిస్టీన్ కూడా ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుంది. తొట్లు, గొట్టాలు ప్లాస్టిక్‌వా? మీరు పరీక్షిస్తున్న బిస్‌ఫినాల్-ఎ పాలీకార్బనేట్ పాత్రల నుంచే ఊరుతుంది. మీ ప్రయోగానికి గాజు తొట్లు తప్పనిసరి. వీలైతే కంట్రోల్ నీళ్లను కూడా రసాయన విశ్లేషణకు పంపండి. కలిపాం అనుకున్న మోతాదుకు, నిజంగా నీళ్లలో ఉన్న మోతాదుకు చాలా తేడా ఉంటుంది.

మీరు అడగకపోయినా ఇంకో మాట. తొట్టికి పది చేపల చొప్పున మోతాదుకు ఒక్క తొట్టి పెట్టి, పది నమూనాలు ఉన్నాయని లెక్క కట్టేవారిని చాలామందిని చూశాను. ఆ పది చేపలు ఒకే నీళ్లు పంచుకున్నాయి కాబట్టి గణాంకాల్లో అది ఒక్క నమూనాయే. మోతాదుకు నాలుగు తొట్లు పెట్టగలిగితే పెట్టండి. చేపలు తగ్గినా ఫరవాలేదు, తొట్లు తగ్గకూడదు. రిఫరెన్స్ జన్యువుగా బీటా-యాక్టిన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, కొన్ని రసాయనాలకు అదీ కదులుతుంది. కనీసం రెండింటిని తీసుకుని, మీ తొట్లన్నిటిలో అవి నిలకడగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

ఇంత జాగ్రత్త అవసరమా అనిపించవచ్చు. కెనడాలోని ఆంటారియోలో ప్రయోగాల కోసమే కేటాయించిన సరస్సుల్లో ఒకదానిలో, 2001 నుంచి 2003 వరకు, శాస్త్రవేత్త కారెన్ కిడ్ బృందం ఎథినైల్ ఈస్ట్రడయోల్‌ను లీటరుకు 5, 6 నానోగ్రాముల స్థాయిలో కలిపింది. ఫ్యాట్‌హెడ్ మిన్నో మగ చేపల్లో విటెల్లోజెనిన్ విపరీతంగా పెరిగింది. కొన్నేళ్లలోనే ఆ సరస్సులో ఆ జాతి దాదాపు కనుమరుగైంది. ఆ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఒక జన్యువు సీటీ విలువ వెనుక ఒక సరస్సు ఉండవచ్చు. అందుకే ఆ సంఖ్య విషయంలో నేను రాజీపడలేను.

మీ కంట్రోల్ చేపల సీటీ ఎంతో, ఎంజైము వేయని నమూనాలో ఎంత వచ్చిందో, తొట్లు గాజువో ప్లాస్టిక్‌వో రాయండి. మిగిలిన కాలేయం నమూనాలను మాత్రం పారేయకండి, మైనస్ 80 డిగ్రీల్లో అలాగే ఉంచండి.