ఇంట్లోనే చదువు మొదలుపెట్టాను, ఓపిక అయిపోతోంది

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు. పాపకి మూడో ఏడు నడుస్తోంది. పిల్లల్ని కొన్నాళ్లు ఇంట్లోనే చదివించుకుందామని నేనూ మావారూ కలిసే అనుకున్నాం. అందుకోసం నేను ఉద్యోగం మానేశాను. రోజూ పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటి దాకా కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తాను, అక్షరాల కార్డులు చేస్తాను, మర్నాటి ఆటకి అన్నీ సర్ది పెడతాను. పొద్దున బాబు ఐదు నిమిషాలు కూర్చుని లేచిపోతాడు. పాప వచ్చి మొత్తం చిందరవందర చేస్తుంది. మా అత్తయ్య 'పొద్దస్తమానం ఆటలేనా? ఈ వయసు పిల్లలు గడగడా చదివేస్తున్నారు' అంటారు. మావారు ఇంటికి రాగానే 'ఇవాళ ఏం నేర్చుకున్నావు?' అని అడుగుతారు. వాడు 'ఏం లేదు' అంటాడు. నాకు తల కొట్టేసినట్టవుతుంది. మొన్న ఒక అక్షరం రాయమంటే 'నాకు రాదు, నువ్వే రాయి' అని పెన్సిల్ విసిరికొట్టాడు. కోపం ఆపుకోలేక కొట్టాను. తర్వాత బాత్‌రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఫోన్‌లో చూస్తే మిగతా తల్లులు ఎంత చక్కగా చేయిస్తున్నారో! నేనే దీనికి పనికిరానా? ఆపేయమంటారా?

జవాబు: ముందు ఆ దెబ్బ సంగతి మాట్లాడుకుందాం. మీ మనసులో అన్నిటికన్నా బరువుగా ఉన్నది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఇవాళే బాబుని దగ్గర కూర్చోబెట్టుకుని, 'నిన్ను కొట్టడం తప్పు. నాకు కోపం వచ్చింది, కానీ కొట్టకూడదు. ఇంకోసారి కొట్టను' అని చెప్పండి. 'నువ్వు పెన్సిల్ విసిరావు కాబట్టి' అన్న మాట దానికి కలపకండి. పెన్సిల్ విసరకూడదన్న సంగతి ఇంకో రోజు విడిగా చెప్పుకోవచ్చు. ఇకముందు కోపం వస్తున్నట్టు అనిపించగానే ఆ పని అక్కడికక్కడే ఆపేయండి. 'ఇవాళ్టికి చాలు నాన్నా' అని లేచిపోండి. సగంలో ఆగిన ఆట వల్ల ఏ పిల్లాడి చదువూ పాడవదు. భయం పుడితే మాత్రం పాడవుతుంది.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వద్దాం. మీరు రాసిన దాంట్లో నాకు ముందుగా కనిపించింది ఆ రాత్రి పదకొండు గంటలు. కత్తిరించేది మీరు, రంగులు వేరు చేసేది మీరు, వరసలో పెట్టేది మీరు. పొద్దున బాబుకి మిగిలేది చివరి ముక్క అతికించడం ఒక్కటే. అంటే వాడి వేళ్లకు అందాల్సిన సాధన అంతా మీ వేళ్లకు అందింది. వాడు ఐదు నిమిషాల్లో లేచిపోయాడంటే వాడికి ఏకాగ్రత లేదని కాదు. అక్కడ వాడు చేయడానికి పని మిగల్లేదు. కాబట్టి రేపటి నుంచి రాత్రి తయారీలు పూర్తిగా మానేయండి. ఆ కాగితాలు, పిల్లల కత్తెర వాడికే ఇవ్వండి. వంకరటింకరగా కత్తిరిస్తాడు. కత్తిరించనివ్వండి. ఆరోజు పాఠం అదే.

పెన్సిల్ గొడవ కూడా దీనికి దగ్గరి సంగతే. పెన్సిల్‌ని మూడు వేళ్లతో నిలకడగా పట్టుకోవడం చాలామంది పిల్లలకు నాలుగు నుంచి ఆరేళ్ల మధ్యలో కుదురుతుంది. ఆ వయసుకి మణికట్టులోని చిన్న ఎముకలు కూడా ఇంకా పూర్తిగా గట్టిపడవు. ఐదారేళ్ల పిల్లలు అక్షరాల్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాయడం మామూలే. 'నాకు రాదు' అని మీ బాబు చెప్పింది మొండితనంతో కాకపోవచ్చు, నిజమే చెప్పి ఉండొచ్చు. కొన్ని వారాలు పెన్సిల్ పక్కన పెట్టి చేతికి బలం వచ్చే పనులు ఇవ్వండి. ఒక గిన్నెలో నీళ్లలో ముంచిన స్పాంజిని ఇంకో గిన్నెలోకి పిండడం, తీగ మీద బట్టలకు క్లిప్పులు పెట్టడం, పాత కాగితాలు సన్నగా చింపడం, మట్టి ముద్దలు చేయడం ఇలాంటివి. అక్షరాలు కావాలంటే నీళ్లలో ముంచిన బ్రష్‌తో గోడ మీద ఇంత పెద్దగా రాయించండి. ఎండ తగిలి అక్షరం ఆరిపోతే వాడే మళ్లీ రాస్తానంటాడు. పళ్లెంలో ఇసుక పోసి వేలితో రాసినా అంతే. తప్పు కనబడగానే చెరిపేసుకోవచ్చు కాబట్టి పిల్లలకు అక్కడ భయం ఉండదు.

1907లో రోమ్ నగరంలో, శాన్ లొరెంజో అనే పేదవాడలో మరియా మాంటిస్సోరి అనే వైద్యురాలు చిన్నపిల్లల కోసం ఒక బడి నడిపారు. ఉప్పు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద పిల్లల చేత వేలు పెట్టి తడిమించేవారు. దాంతోపాటు ఊడ్చడం, తుడవడం, గుండీలు పెట్టుకోవడం లాంటి నిజమైన పనులు నేర్పించేవారు. ఆవిడ గమనించిన ఒక సంగతి మీకు ముఖ్యం. ఒక చిన్న పాప గుండ్రటి చిన్న కొయ్య దిమ్మల్ని వాటికి సరిపోయే రంధ్రాల్లో పెట్టి, తీసి, మళ్లీ మళ్లీ పెడుతూనే ఉందట. పక్కన మిగతా పిల్లలు పాటలు పాడుతున్నా తల ఎత్తలేదట. మీరేమో రోజుకో కొత్త ఆట తయారు చేస్తున్నారు. పిల్లలకు కొత్తదనం కన్నా చేసిందే మళ్లీ చేసే అవకాశం ఎక్కువ కావాలి. నాలుగైదు పనులు ఎంచుకుని వాటినే నెలంతా నడపండి. బాబు ఒకదాన్ని అడిగి మరీ చేస్తున్నాడంటే, వాడికి అక్కడ ఇంకా నేర్చుకోవాల్సింది ఉందని అర్థం.

లెక్కల విషయంలో కార్డులు అక్కర్లేదు. ఒకటి నుంచి వంద దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పడం పాట అప్పజెప్పడం లాంటిదే. లెక్క రావడమంటే ఒక్కో వస్తువుకీ ఒక్కో అంకె చెప్పగలగాలి, ఆఖరున పలికిన అంకే మొత్తం అని తెలియాలి. ఇది తెలిసిందో లేదో చూడాలంటే ఏడు గుండీలు లెక్కపెట్టించి, వెంటనే 'మొత్తం ఎన్ని?' అని అడగండి. 'ఏడు' అంటే తెలిసినట్టే. మళ్లీ మొదటి నుంచి లెక్కపెడితే ఇంకా తెలియాల్సి ఉంది. అప్పుడు సరిదిద్దకండి. 'మనం నలుగురం కదా, నాలుగు స్పూన్లు పట్టుకురా' అనే పని రోజూ చెప్పండి చాలు. ఉతికిన సాక్సుల్ని జతలు వేయించండి. పొడుగ్గా ఉన్న గ్లాసులోని నీళ్లు వాడి కళ్లెదుటే వెడల్పు గిన్నెలో పోసి, 'నీళ్లు తగ్గాయా, అంతే ఉన్నాయా?' అని అడిగి చూడండి. తగ్గాయనే అంటాడు చాలావరకు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే ఈ ప్రశ్నతోనే చిన్నపిల్లల ఆలోచన తీరును పరిశీలించారు. సుమారు ఏడేళ్ల లోపు పిల్లలకు కంటికి కనిపించే ఎత్తే కొలత. మీరెంత వివరించినా ఇప్పుడే అర్థం కాకపోవచ్చు. వాడే పోసి, మళ్లీ గ్లాసులోకి వంపి, పదేపదే చూసుకుంటూ ఉంటే ఒకరోజు దానంతటదే తెలుస్తుంది.

సైన్సుకి నాకు బాగా ఇష్టమైన ఆట ఒకటి చెబుతాను. నీటిలో కరగని ఆటమట్టి కొంచెం, ఒక టబ్బు నీళ్లు ఉంటే చాలు. మట్టిని ముద్ద చేయమనండి. నీళ్లలో వేసే ముందు 'తేలుతుందా, మునుగుతుందా?' అని అడగండి. ఏం చెప్పినా సరే అనండి. ముద్ద మునిగిపోతుంది. అదే మట్టిని తీసి, పలచగా నొక్కి, అంచులు పైకి లేపి గిన్నెలా చేయమనండి. ఇప్పుడు నీటి మీద పెడితే తేలుతుంది! మట్టి అంతే ఉంది, బరువూ అంతే ఉంది, ఆకారం మారింది. గిన్నె అయ్యాక అది ఎక్కువ నీటిని పక్కకు నెడుతోంది, ఆ నీరే దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటోంది. ఇదంతా మీకు తెలిస్తే చాలు, బాబుకి చెప్పనక్కర్లేదు. 'ఎందుకు తేలింది?' అని వాడు అడిగితే, 'నువ్వేమనుకుంటున్నావు?' అనండి. వాడు చెప్పే కారణం తప్పుగా ఉన్నా, దాన్నే ఇంకో గిన్నె చేసి పరీక్షించుకోనివ్వండి. తర్వాత ఎన్ని గుండీలు వేస్తే పడవ మునుగుతుందో లెక్కపెడతాడు. లెక్కా అందులోనే వచ్చేసింది. ఇంకోరోజు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒకేచోట నిలబెట్టి వాడి నీడ చుట్టూ సుద్దముక్కతో గీయండి. తడి దూదిలో గింజలు పెట్టి మొలకలు వచ్చేదాకా రోజూ చూపించండి.

చదవడం గురించి ఒక్క మాట. రోజూ ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చదివి వినిపించండి. 'మ' శబ్దంతో మొదలయ్యేవి ఇంట్లో ఏమున్నాయో వెతికించండి. ఐదేళ్లకి అది చాలు.

పాప సంగతికి వస్తే, తనకి మూడేళ్లు నిండలేదు కాబట్టి ఇక్కడ మాత్రం గట్టిగా చెబుతాను. చిన్న గుండీలు, గింజలు, పూసలు ఉన్న ఆట పాప నిద్రపోయినప్పుడే ఆడించండి. టిష్యూ పేపర్ చుట్టే అట్ట గొట్టంలో పట్టే వస్తువు ఏదైనా ఆ వయసు పిల్లల గొంతుకి అడ్డం పడొచ్చు. బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు, నీటిలో ఉబ్బే జెల్ పూసలు అసలు ఆటల్లోకి రానివ్వకండి. మింగితే ప్రాణం మీదికి వస్తుంది, ఏ కాస్త అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నీళ్ల ఆటలో టబ్బు పక్క నుంచి మీరు కదలకూడదు. కొద్ది అంగుళాల నీళ్లలో కూడా పసిపిల్లలు మునిగిపోతారు. ఆట అవగానే నీళ్లు పారబోసేయండి. మిగతా సమయాల్లో పాప చిందరవందర చేస్తున్నది తనకంటూ పని లేకే. అన్నకి ఇచ్చిందే తనకీ ఒక పళ్లెంలో విడిగా ఇవ్వండి, స్పాంజి, కాగితం, పెద్ద మట్టిముద్ద ఏదైనా సరే.

ఇదంతా కలిపి రోజుకి గంటకు మించక్కర్లేదు, అది కూడా పావుగంట చొప్పున. మిగతా సమయం వాళ్లిష్టమొచ్చినట్టు ఆడుకోనివ్వండి. పొద్దుటి నుంచి రాత్రి దాకా మీరు టీచరుగా ఉంటే వాళ్లకి అమ్మ దొరకదు. ఆ వీడియోలు చూడటం కొన్నాళ్లు మానేయండి. అందులో మీరు చూసేది ఎంచుకున్న ఒక నిమిషమే. దానికి ముందు ఎవరు ఏడ్చారో, తర్వాత ఇల్లు ఎలా ఉందో అందులో కనిపించదు.

మీ వారితో ఒకరోజు పిల్లలు పడుకున్నాక స్థిమితంగా మాట్లాడండి. 'ఏం నేర్చుకున్నావు?' అన్న ప్రశ్నకి ఐదేళ్ల పిల్లాడి దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే వాడు ఆడుకున్నాననుకుంటాడు. 'ఇవాళ ఏం చేశావో నాకు చూపించు' అని అడగమనండి. ఆ మట్టి పడవ నాన్న కోసం మళ్లీ చేస్తాడు చూడండి! ఇంకో మాట కూడా దాచుకోకుండా చెప్పండి. ఈ నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకున్నారు, కానీ బరువు ఒక్కరి మీదే పడింది. సాయంత్రం ఒక అరగంట, వారంలో ఒక పూట పిల్లల పూచీ పూర్తిగా ఆయనదే అని అడగండి. ఆ సమయంలో మీరు వంటింటి పని పెట్టుకోకండి. బయట నడిచి రండి, పడుకోండి, మీకోసం ఏదైనా చేసుకోండి.

అత్తయ్యగారి మాటల వెనక ఉన్నది మనవడు వెనకబడిపోతాడేమో అన్న భయం. అది అర్థం చేసుకోదగ్గ భయమే. వాదించి ఒప్పించడం కష్టం, కలుపుకోవడం తేలిక. కథ చెప్పే పని ఆవిడకి అప్పగించండి. గ్లాసు, గిన్నె ఆట ఆవిడ ముందే ఆడించండి, మనవడి జవాబు విని ఆవిడకే ఆసక్తి పుడుతుంది. ఒక నోట్‌బుక్ పెట్టి, బాబు ఆరోజు అన్న మాట ఒకటి తేదీ వేసి రాయండి. మూడు నెలల తర్వాత అది తిరగేస్తే ఎదుగుదల ఇంట్లో అందరికీ కనిపిస్తుంది, ముందు మీకే. అయినా వాడి ముందే మిమ్మల్ని తక్కువ చేసి మాట్లాడితే మాత్రం, 'అత్తయ్యా, వాడు వింటున్నాడు, మనం తర్వాత మాట్లాడుకుందాం' అని మెల్లగా, గట్టిగా చెప్పండి.

ఆపేయాలా అని అడిగారు. ఇప్పుడు, ఇంత అలసటలో ఆ నిర్ణయం వద్దు. ఈ పద్ధతిలో మూడు నెలలు నడిపి చూడండి. అప్పటికీ మీకు రోజూ భారంగానే ఉంటే బడికి పంపండి, అందులో ఓడిపోయిందేమీ లేదు. కొనసాగిస్తే మాత్రం వారానికి రెండు మూడు సార్లయినా తోటిపిల్లలతో ఆడుకునే ఏర్పాటు ఉండాలి. మీరుండే చోట ఇంటి చదువుకి ఎలాంటి నిబంధనలున్నాయో కూడా ముందే కనుక్కోండి. కొన్ని దేశాల్లో నమోదు చేయించుకోవాలి, కొన్ని చోట్ల అసలు అనుమతించరు. బాబు మాట బయటివాళ్లకి అర్థం కాకపోతున్నా, పిలిస్తే పలకకపోయినా, స్పూను పట్టుకోవడం కూడా కష్టంగా ఉన్నా పిల్లల డాక్టరుకి చూపించండి. మీ విషయంలో కూడా అంతే. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, నిద్ర పట్టకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవండి, మీ వారిని వెంట తీసుకెళ్లండి.