రేడియోథెరపీ విభాగంలో చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు రేడియోథెరపీ విభాగంలో నర్సుగా చేరుతున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత పొంగిపోయానో, ఆ రాత్రి అంత దిగులుపడ్డాను. ఆపరేషన్ గాయం రోజురోజుకూ మానుతూ వస్తుంది. నువ్వు చూడబోయే చర్మం మాత్రం, క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ తగిలేది కాబట్టి, చికిత్స సాగుతున్నకొద్దీ చెడుతుంది, చెడుతుందని తెలిసీ చికిత్స ఆగకుండా చూసుకోవాలి.

వదులైన నూలు బట్టలు వేసుకోవడం, ఎండ తగలనీయకపోవడం, ఆ చోట బ్లేడు, ప్లాస్టరు, వేడి కాపడం, ఐసు ఏవీ వాడకపోవడం నీకు చదువులోనే నేర్పి ఉంటారు.

నీళ్ల సంగతి మాత్రం వివరంగా రాయాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో, చికిత్స పూర్తయ్యేదాకా రేడియేషన్ ఇచ్చే చోట చుక్క నీరు పడకూడదన్నది వార్డు నియమం. కిరణం ఎక్కడ పడాలో చూపడానికి చర్మం మీద గీసిన గుర్తులు చెరిగిపోతాయనీ, తడిస్తే చర్మం ఊడుతుందనీ అందరం నమ్మేవాళ్లం. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న ఒకావిడ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. ఐదో వారానికి వాసన వస్తోందన్న సిగ్గుతో జాకెట్టు విప్పనివ్వలేదు. చుట్టూ తెర వేసి, బతిమాలి చూస్తే, రొమ్ము కింది మడతలో చెమట, పౌడరు, రాలిన పొట్టు కలిసి అట్టకట్టి ఉన్నాయి, దాని కింద చర్మం పచ్చిగా రసి కారుతోంది. గోరువెచ్చని సెలైన్‌తో నానబెట్టి, ఆ పెచ్చు మెత్తబడేదాకా ఆగి, కొంచెం కొంచెంగా తీయవలసి వచ్చింది. ఆవిడ పళ్లు బిగబట్టి నా మణికట్టు పట్టుకుంది తప్ప ఒక్కసారీ అరవలేదు. కొన్నాళ్లు చికిత్స ఆపారు. అలా మధ్యలో ఆగినప్పుడు క్యాన్సర్ కణాలు మళ్లీ పెరగడానికి వ్యవధి దొరుకుతుంది, నాకు అన్నిటికన్నా భయం అదే.

తరువాతి పరిశోధనల్లో, తేలికపాటి సబ్బుతో కడుక్కుంటే చర్మం మరింత చెడదని తేలింది. కాబట్టి రోజూ గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని, రుద్దకుండా మెత్తటి తువ్వాలుతో అద్దుకోమని చెప్పు. గుర్తులు చెరిగితే సొంతంగా గీసుకోవద్దను. ఈ మాట రోగితో పాటు ఇంట్లోవాళ్లకూ చెప్పాలి, ఎందుకంటే నీళ్లు ముట్టవద్దని అడ్డుపడేది వాళ్లే.

చర్మం ఎర్రబడుతుందని పుస్తకాల్లో ఉంటుంది గానీ, చామనఛాయ, నల్లని చర్మం మీద ఆ ఎరుపు అంతగా కనిపించదు, కమిలినట్టు ముదురు రంగుకు తిరుగుతుంది. రంగు కోసం చూస్తూ కూర్చోకుండా చేతి వెనుక భాగంతో తాకి వేడి చూడు, బిగుతుగా ఉందా, దురదగా ఉందా అని అడుగు. సాధారణంగా రెండు మూడు వారాలకు ఇది మొదలవుతుంది. చర్మం అడుగు పొరలోని కణాలు దెబ్బతినడంతో, పైన రాలిన దానికి బదులు కొత్త చర్మం సమయానికి రాదు. అందుకే మొదట పొట్టు రాలి, రేడియేషన్ మోతాదు 40 గ్రే (ఆ మోతాదును కొలిచే ప్రమాణం) దాటేసరికి చంకలు, గజ్జలు, మెడ ముడతల్లో పచ్చిబారే అవకాశం ఎక్కువ. కిరణం బయటికి వెళ్లే వైపు కూడా చూడడం మరువకు.

వాసన లేని మాయిశ్చరైజరు పల్చగా రాయించు. చికిత్సకు ముందు మందంగా పూస్తే చర్మం పైపొరకు మోతాదు పెరుగుతుంది. పచ్చిబారిన చోట జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందు రాసే పాత అలవాటు ఎక్కడైనా కనిపిస్తే ఒప్పుకోకు, అది చర్మాన్ని ఎండగట్టడమే కాక, కింద ఏం జరుగుతోందో కనిపించకుండా రంగుతో కప్పేస్తుంది. అక్కడ అంటుకోని సిలికాన్ డ్రెస్సింగు మేలు. చీము, జ్వరం, కొత్తగా పెరిగిన నొప్పి కనిపిస్తే, ముఖ్యంగా కీమో కూడా జరుగుతుంటే, ఆ పూటే డాక్టరుకు చెప్పు.

నీకు చిన్నప్పటినుంచీ అన్నిటికీ తొందరే. అంటుకుపోయిన కట్టును పొడిగా లాగావని నాకు తెలిస్తే మాత్రం ఊరుకోను. నొప్పి మాత్ర ముందే ఇచ్చి, అది పనిచేసేదాకా పక్కన కూర్చో. నీ చేయి మెత్తనిదమ్మా, దానికి ఓపిక కూడా తోడైతే వాళ్లు నీ దగ్గర ఏదీ దాచుకోరు.

చికిత్స చివరి రోజున సంతోషంగా ఇంటికి పంపేటప్పుడు, చర్మం బాధ ఆ తరువాత వారం పది రోజులకు ఇంకా పెరుగుతుందనీ, ఆపైన నెమ్మదిగా తగ్గుతుందనీ ముందే చెప్పు. ఆ చెప్పని మాట వల్లే, జబ్బు తిరగబెట్టిందేమోనని ఎందరో బెంగపడ్డారు. ఎవరికి ఫోన్ చేయాలో నంబరు రాసి చేతికివ్వు. చేరిన మొదటి వారంలోనే, మీ విభాగంలో పచ్చి చర్మానికి ఏ డ్రెస్సింగు వాడుతున్నారో చూసి నాకు రాయి.

మీ అత్తయ్య