గోంగూర సంగతి తర్వాత.. ముందు ఆస్పత్రికి వెళ్లండి

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. నాన్నకు 61 ఏళ్లు. మూడు నెలల కింద హైదరాబాద్‌లో గుండెకు మెటల్ వాల్వ్ వేశారు. ఆస్పత్రిలో రక్తం పలచబడేందుకు పొట్టకు ఇంజక్షన్లు ఇస్తే అక్కడ కమిలింది. రోజూ రక్తం తీసేవాళ్లు, ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు రక్తం పలచబడే ఎసిట్రోమ్ గోలీలు వాడుతున్నాడు. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించి నెలన్నర అయింది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని, గోలీలు మింగుతున్నాడు. మూడు రోజులుగా మలం నల్లగా వస్తోంది, వేడి చేసిందనుకుంటున్నాం. గోంగూర, పాలకూర పెట్టొచ్చా?

జవాబు: వేడి అనుకుని ఊరుకోకండి. ఎసిట్రోమ్ వాడే మనిషి పైనుంచి నొప్పి గోలీలు కూడా మింగుతుంటే, మలం తారులా నల్లగా వచ్చినప్పుడు కడుపులోనో పేగుల్లోనో రక్తం కారుతోందేమోనని అనుమానించాలి. ఐరన్ గోలీలు వేసుకున్నా నల్లగానే వస్తుంది కాబట్టి, చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను. అయినా మూడు రోజులు ఆగారు, ఇంకో రోజు ఆగొద్దు. ఇవాళే నల్లగొండ పెద్దాసుపత్రికో, దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న చోటికో తీసుకెళ్లండి. కళ్లు తిరగడం, ఆయాసం, రక్తపు వాంతి ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. డిశ్చార్జి కాగితం, వాడుతున్న అన్ని గోలీల షీట్లు వెంట ఉండాలి.

ఈ పూట ఎసిట్రోమ్ వేయాలా ఆపాలా అన్నది ఐఎన్ఆర్, హిమోగ్లోబిన్ చూసి అక్కడి డాక్టర్ చెప్తారు. భయపడి మీరే ఆపేస్తే వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు, పక్షవాతం రావచ్చు.

ఆస్పత్రిలో రోజూ రక్తం తీసింది ఇలాంటిది ముందే పట్టుకోవడానికే. హిమోగ్లోబిన్ తగ్గుతుంటే పైకి కనపడకుండా ఎక్కడో రక్తం పోతోందని తెలుస్తుంది. పొట్టకు ఇచ్చే హెపారిన్ రకం ఇంజక్షన్లతో కొందరికి 5 నుంచి 10 రోజుల మధ్య, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ ఇంజక్షన్లలో కొన్ని కిడ్నీల ద్వారా బయటికి పోతాయి కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూస్తారు. సూది పడ్డచోట కమలడం మామూలే. ఇంటికొచ్చాక అలా కనిపెట్టుకుని ఉండేది ఐఎన్ఆర్ ఒక్కటే. ఎక్కువమందికి అది 2 నుంచి 3 మధ్య ఉండాలి, మైట్రల్ చోట (గుండె ఎడమవైపు గదుల మధ్య) మెటల్ వాల్వ్ అయితే సాధారణంగా 2.5 నుంచి 3.5. మీ నాన్నగారిది ఎంత ఉండాలో ఆపరేషన్ చేసిన డాక్టర్‌నే అడగండి. ఆపరేషనైన మొదటి నెలల్లో నెలన్నర గ్యాప్ చాలా ఎక్కువ.

ఇక నొప్పి మందులు. మీ మండలం నీళ్లలో ఫ్లోరైడ్ ఏం చేసిందో నాకు తెలుసు, ఆ ఎముకల నొప్పిని ఓర్చుకోమని నేను అనను. కానీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కడుపు లోపలి పొరను పుండు చేస్తాయి, ప్లేట్‌లెట్ల పనినీ దెబ్బతీస్తాయి. సూది రూపంలో ఇచ్చినా అంతే. పైగా ఎసిట్రోమ్ వాడేవాళ్లకు తుంటి మీద సూది వేస్తే కండలోనే రక్తం కారి గడ్డలా పేరుకోవచ్చు. ఏమేం మందులు వాడుతున్నారని అడిగితే మన దగ్గర చాలామంది నొప్పి గోలీ పేరే ఎత్తరు, దాన్ని మందు కింద లెక్కపెట్టరు. విరేచనాలకు మెడికల్ షాపులో అడిగి వేసుకునే మెట్రోనిడజోల్ కూడా ఐఎన్ఆర్‌ను పెంచేస్తుంది. నొప్పికి పారాసిటమాల్ కొంత నయం, అదీ రోజుల తరబడి వాడితే ఐఎన్ఆర్ పెరగొచ్చు కాబట్టి డోసు డాక్టర్‌నే అడగండి. వాల్వ్ వేయించుకున్న సంగతి మీ ఆర్ఎంపీకి చెప్పారా? చెప్పకపోతే అది మీ పొరపాటు, ఈరోజే చెప్పండి.

ఆకుకూరలు మానక్కర్లేదు. అందులోని విటమిన్ కె ఎసిట్రోమ్‌కు ఎదురు పనిచేస్తుంది కాబట్టి, ఒక వారం రోజూ తిని తర్వాతి వారం ముట్టకపోతే ఐఎన్ఆర్ పైకీ కిందికీ ఊగుతుంది. గోంగూరైనా పాలకూరైనా వారం వారం ఇంచుమించు ఒకే కొలతలో పెట్టండి.