మా బాబు స్టేజీ అంటేనే ఏడుస్తున్నాడు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా బాబుకు అయిదున్నరేళ్లు, యూకేజీ చదువుతున్నాడు. వచ్చే నెల బడి వార్షికోత్సవం. డాన్సులో వాణ్ణి ముందు వరసలో పెట్టారు. రిహార్సల్స్ మొదలైనప్పటి నుంచి పొద్దున లేవగానే కడుపునొప్పి అంటున్నాడు. మొన్న బడిలో నిక్కరు కూడా తడుపుకున్నాడు. మా తోడికోడలి కూతురు పోయిన ఏడాది స్టేజీ మీద చక్కగా చేసింది. అత్తగారు రోజూ ఆ పాపతో పోల్చి మాట్లాడతారు. డ్రెస్సుకు డబ్బు కట్టేశాం కాబట్టి మాన్పించే మాటే లేదంటారు మావారు. ఇప్పుడే ఇంత పిరికితనమైతే రేపు ఎలా నెగ్గుకొస్తాడని నా భయం. ఈ మధ్య మొండితనం కూడా ఎక్కువైంది. స్నేహితుడు ఇచ్చిన క్రేయాన్ ముక్క నిక్కరు జేబులో ఉండిపోయి ఉతుకులో పాడైందని గంటసేపు ఏడ్చాడు. విసుగొచ్చి ఒక దెబ్బ వేశాను. జూన్ నుంచి వేరే బడిలో ఒకటో తరగతిలో చేరుస్తున్నాం. అక్కడైనా మారతాడంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నా దృష్టి కూడా డాన్సు మీదే నిలిచింది. రెండోసారి చదువుతుంటే క్రేయాన్ ముక్క దగ్గర ఆగాను. ఆ తర్వాత, మీరు చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన కొత్త బడి దగ్గర ఆగాను. బడి మారుతున్నాడని మీ బాబుకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? లేక పెద్దవాళ్లు ఫీజుల గురించి మాట్లాడుకుంటుంటే చెవిన పడిందా?

ఆ వయసు పిల్లలకు జూన్ అంటే ఎంత దూరమో తెలియదు. వార్షికోత్సవం అయిపోతే బడి అయిపోతుందని మాత్రం తెలుసు. బడి అయిపోతే ఆ క్రేయాన్ ఇచ్చిన స్నేహితుడు ఉండడు, అన్నం తినిపించే ఆయమ్మ ఉండదు, తనకంటూ అలవాటైన కుర్చీ ఉండదు. రోజూ సాగే రిహార్సల్ వాడికి ఆ రోజు దగ్గర పడుతోందని చెబుతూ ఉండవచ్చు. నా ఊహ తప్పు కావచ్చు. అందుకే వాణ్ణే అడగండి. ‘ఎందుకు భయం?’ అని అడిగితే పిల్లలు చెప్పలేరు. రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని, ‘ఫంక్షన్ అయిపోయాక ఏమవుతుందో నాకు చెప్పవా?’ అని అడిగి ఊరుకోండి. మధ్యలో మాటలు అందివ్వకండి. మాట రాకపోతే మర్నాడు కాగితం ఇచ్చి బడి బొమ్మ గీయమనండి. అందులో ఎవరిని గీశాడో చూడండి.

ఏడాది చివర అనగానే మనకు గౌను, టోపీ, స్టేజీ గుర్తొస్తున్నాయి. చిన్నపిల్లలకు అది వీడ్కోలు సమయం. దాన్ని పెద్దవాళ్లు చూసే ప్రదర్శనగా మార్చేసి, వాళ్లు వీడ్కోలు చెప్పుకునే వీలే లేకుండా చేస్తున్నాం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మిగిలిన ఈ కొద్ది వారాల్లో మీరు ఇంట్లోనే ఆ వీలు కల్పించవచ్చు. ఒక చిన్న నోటు పుస్తకం, స్టాంపు ప్యాడ్ కొనివ్వండి. టీచరును అడిగి, తరగతిలోని పిల్లలందరి వేలిముద్రలు రోజుకు ఇద్దరు ముగ్గురివి వేయించుకుని రమ్మనండి. ఆ ముద్రలకు కళ్లు, ముక్కు గీసి పక్కన పేర్లు రాసుకుంటాడు. మట్టి కుండీలో వాడి చేతే మెంతులు చల్లించండి. నాలుగైదు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. చివరి వారం ఆ కుండీని ఆయమ్మకు తన చేత్తో ఇస్తే, ఆవిడ ఆ మెంతికూర పప్పులో వేసుకుంటుంది. తను పెంచింది ఆవిడ ఇంటికి వెళ్లిందన్న సంగతి వాడికి చాలా కాలం గుర్తుంటుంది. వేసవి సెలవుల్లోపే ఒకసారి కొత్త బడికి తీసుకెళ్లండి. తరగతి గది, మంచినీళ్లు తాగే చోటు, ముఖ్యంగా మరుగుదొడ్డి ఎక్కడుందో చూపించండి. ఒకసారి నిక్కరు తడుపుకున్న పిల్లవాడికి అన్నింటికంటే పెద్ద దిగులు అదే.

ఇక డాన్సు. ఒక వార్షికోత్సవంలో నేను చూసిన దృశ్యం చెబుతాను. స్టేజీ వెనక మెట్ల మీద అయిదేళ్ల అల్లూరి సీతారామరాజు కూర్చుని ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి అతికించిన గడ్డం చెమటకు ఒక చెంప మీద ఊడిపోయి వేలాడుతోంది. వాడి పాట రాత్రి తొమ్మిదింటికి. విల్లు ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని నిద్రపోయాడు. తట్టి లేపి లైట్ల కిందికి నడిపించారు. ఏం చేస్తున్నాడో తెలియక నిలబడిపోయాడు. కింద అందరూ నవ్వారు. ఆ నవ్వు ముద్దుతో వచ్చిందే, కానీ ఆ సంగతి వాడికెలా తెలుస్తుంది?

కాబట్టి టీచరుతో విడిగా మాట్లాడండి. ఫిర్యాదులా కాకుండా, సాయం అడుగుతున్నట్టు. ‘ముందు వరస వద్దండీ, వాడి స్నేహితుడి పక్కన వెనక వరసలో పెట్టండి. డాన్సు మొదలయ్యే ముందు మరుగుదొడ్డికి పంపండి’ అని చెప్పండి. అదీ కుదరదంటే గంట కొట్టే పనో, అతిథికి పువ్వు అందించే పనో అడగండి. ఏదీ చేయనంటే మీ పక్కన కూర్చుని స్నేహితులకు చప్పట్లు కొట్టనివ్వండి. అది ఓటమి ఏమీ కాదు. అయితే, ‘నీకు చేతకాదులే’ అని మాత్రం మాన్పించకండి. ‘ఈసారి ఎలా ఉందో చూద్దాం, వచ్చే ఏడాది నీకు నచ్చితే చేద్దువుగాని’ అనండి. ఆ డ్రెస్సు ఇంట్లో వేసుకుని వరండాలో మీ ముగ్గురి కోసం ఆడినా మీ డబ్బు వృథా పోనట్టే.

మీవారికి ఒక మాట. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు, అంటే నర్సరీ నుంచి రెండో తరగతి దాకా, ఒకే పునాది దశగా చూసింది. ఆ దశలో చదువు ఆట, పాట, చేతిపనుల ద్వారా సాగాలంది. మీ బాబు ఇంకా ఆ పునాది మధ్యలోనే ఉన్నాడు. రేపు ఎలా నెగ్గుకొస్తాడో ఈ ఒక్క సాయంత్రాన్ని బట్టి తేల్చే పని ఎవరికీ లేదు.

అత్తగారితో వాదం పెట్టుకోవద్దు. మనవడి మీద ప్రేమ లేక ఆవిడ అలా అనడం లేదు. పోలిక వచ్చినప్పుడల్లా, ‘అత్తయ్యా, ఆ పాప బాగా చేస్తుంది, నిజమే. వీడు మీ దగ్గర కథ వింటే మళ్లీ పొల్లు పోకుండా చెబుతాడు, ఒకసారి చెప్పించండి’ అని ఆవిడకే ఒక పని అప్పగించండి. వాడికి కథలు ఇష్టం లేకపోతే, ఇష్టమైనది ఇంకేదైనా చూసుకోండి. అయితే మీ భర్త తన తల్లితో ఒక్కసారి నెమ్మదిగా చెప్పవలసిందే. ఆ బాధ్యత మీ మీదకు తీసుకోకండి.

కడుపునొప్పిని నటన అనుకోవద్దు. దిగులుతోనూ నిజంగానే నొప్పి వస్తుంది. ఆదివారాలు, సెలవు రోజులు నొప్పి ఉంటోందా లేదా రాసుకోండి. నిద్రలోంచి లేపేంత నొప్పి, జ్వరం, వాంతులు, మూత్రానికి మంట ఉంటే పిల్లల డాక్టరుకు వెంటనే చూపించండి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లవాడు బడిలో నెలకు పైగా అసలు నోరు విప్పడం లేదని టీచరు చెబితే, పిల్లల మానసిక నిపుణులను కలవాలి. ముందుగా ఫోనులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీమానస్ నంబరు 14416 ఉంది, డబ్బు కట్టనక్కరలేదు.

ఆ దెబ్బ సంగతి. మీరు దాచకుండా రాశారంటేనే మీకెంత బాధగా ఉందో అర్థమైంది. వాడితో, ‘ఆ క్రేయాన్ నీకు ఎంత ఇష్టమో నాకు తెలియలేదు నాన్నా, కొట్టడం నా తప్పు’ అని సూటిగా చెప్పండి. కొత్త డబ్బా కొనిచ్చి సరిపెట్టకండి. దాని బదులు వాడు తన రంగుల్లోంచి ఒకటి ఎంచుకుని ఆ స్నేహితుడికి ఇచ్చి రానివ్వండి.

ఆ స్నేహితుడి వాళ్ల అమ్మగారి ఫోను నంబరు మీ దగ్గర ఉన్నట్టు ఉత్తరంలో లేదు. బడి తెరిచి ఉండగానే అడిగి తీసుకోండి.