ఇనుము కన్నా ముందు సిలికాన్ చూడండి

ప్రశ్న: నాది 50 హెచ్‌పీ ట్రాక్టరు, 2,900 గంటలు తిరిగింది. వేసవి దుక్కులయ్యాక 240 గంటలు వాడిన ఇంజిన్ ఆయిల్ ల్యాబ్‌కి పంపితే ఇనుము 96, సిలికాన్ 58, అల్యూమినియం 17, క్రోమియం 6, రాగి 9, సీసం 3, సోడియం 5 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) వచ్చాయి. పోయినసారి అన్నే గంటలకు ఇనుము 34, సిలికాన్ 11, అల్యూమినియం 4, మిగతావి దాదాపు ఇంతే. మెకానిక్ ఇంజిన్ విప్పి లైనర్లు, రింగులు మార్చాలంటున్నాడు. విప్పించమంటారా?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: వద్దండీ, ఇప్పుడే వద్దు. ఇనుము 96 చూసి టెన్షన్ పడ్డారు గానీ అసలు సంగతి సిలికాన్‌లో ఉంది. సిలికాన్, అల్యూమినియం జంటగా ఎగబాకాయంటే అది మట్టి, రెండూ మట్టిలో ఉండేవే. గాలితో పాటు లోపలికి పోయిన దుమ్ము లైనర్‌నీ రింగుల్నీ గీకితే ఆ అరుగుదలే ఇనుముగా కనపడుతోంది. సిలికాన్ ఒక్కటే పెరిగి ఇనుము కదలకపోతే ఈమధ్య అతుకులకు పూసిన సిలికోన్ జిగురు (సీలెంట్) అనో, శాంపిల్ సీసాలో దుమ్ము పడిందనో అనుకునేవాణ్ని. బేరింగులు అరిగితే వచ్చే రాగి, సీసం కదల్లేదు కాబట్టి వాటి మీద అనుమానం అక్కర్లేదు, కూలెంట్‌లో (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఉండే సోడియం తక్కువే కాబట్టి అది కలుస్తున్న జాడా లేదు.

ముందు ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు పైపు ఊడదీసి లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి మట్టి అంటితే దొంగ దొరికినట్టే: పైపు చీలికో, వదులైన క్లిప్పో, ఫిల్టర్ అంచు సరిగా కూర్చోకపోవడమో. పంక్చర్ షాపులో ఫుల్ ప్రెషర్ గాలి కొట్టించి ఫిల్టర్ శుభ్రం చేసే అలవాటు ఉందా? చాలామంది చేసేది అదే, ఆ దెబ్బకి కాగితం చిల్లులు పడుతుంది. లోపలి చిన్న ఫిల్టర్‌ని అసలు ఊదకూడదు, మార్చడమే.

ల్యాబ్ మిషన్ సన్నని పొడినే లెక్కపెడుతుంది, పెద్ద రజను దానికి ఆనదు. అందుకే పాత ఆయిల్ ఫిల్టర్ కోయించి మడతల్లో మెరిసే ముక్కలున్నాయేమో చూడండి, ఉంటే మాత్రం మీ మెకానిక్ మాట వినాల్సిందే.

లేకపోతే లీకు సరిచేసి, ఆయిల్, ఫిల్టర్లు మార్చి 100 గంటలు నడిపి, ఇంజిన్ వేడిగా ఉండగా ఆయిల్ కొంత కారనిచ్చి మధ్యధార పట్టి పంపండి. మధ్యలో ఆయిల్ పోసి ఉంటే ఎంత పోశారో రాయండి, కొత్త ఆయిల్ కలిస్తే అంకెలు తగ్గి కనిపిస్తాయి. పాత లెక్కన 100 గంటలకు ఇనుము 14, 15 దాకా రావాలి, ఇప్పటి లెక్కన 40. సిలికాన్ దిగి, ఇనుము ఇరవైకి అటూఇటూ ఉంటే హాయిగా దున్నుకోండి. ఇంకా నలభై దగ్గరే ఉంటే కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఒత్తిడి) చూపించండి, విప్పడం సంగతి ఆ తర్వాత.