వయసు మారింది, సబ్బు మారలేదు: చర్మంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు 49 ఏళ్ళు. నెలసరి ఆగి ఏడాదైంది. ఇరవై ఏళ్ళుగా ఒకటే సబ్బు, రాత్రిళ్ళు కాస్త కొబ్బరినూనె. ఏనాడూ ఇబ్బంది లేదు. ఇప్పుడు ముఖం కడిగిన ఐదు నిమిషాలకే బిర్రబిగుసుకుపోతోంది. బుగ్గల మీద మంగు కూడా దిగింది. కోనసీమ ఉక్కలో చర్మం పొడిబారడమేమిటండీ?
- ఒక గృహిణి, అమలాపురం

జవాబు: చెమట వేరు, చర్మంలోని నూనె వేరు. ఉక్కకి ముఖం తడిగా కనిపిస్తుంది గానీ అది ఉప్పునీరు, ఆరితే మిగిలేది ఉప్పే. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపేవి నూనె గ్రంథులు వదిలే జిడ్డు, పైపొరలోని కొవ్వులు. నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ అనే హార్మోను పడిపోయాక రెండూ తగ్గుతాయి. తొలి ఐదేళ్ళలోనే చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీను సుమారు 30 శాతం కరిగిపోతుంది. సబ్బు పాతదే, దాన్ని తట్టుకునే చర్మం మాత్రం ఇప్పుడు లేదు.

అందుకే క్రీములు కొనేముందు సబ్బు సంగతి చూడండి. చర్మం పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 5 దగ్గర ఉంటుంది, మామూలు ఒంటిసబ్బుది 9, 10. దీనికి మీ నీళ్ళు కూడా తోడై ఉండొచ్చు. సీసాలో సగం బోరునీళ్ళు పోసి, చాకుతో గీకిన సబ్బుపొట్టు చిటికెడు వేసి గట్టిగా గిలకొట్టండి. నురుగు రాకుండా తెల్లటి తరకలు తేలితే అవి కఠినజలం. ఆ తరకే ముఖానికీ అంటుకుని ఓ పట్టాన వదలదు. కాలువలు కట్టేసి బోరు మీదే బతికే వేసవిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ముఖానికి ఒక చెంబెడు మంచినీళ్ళు వేరుగా పెట్టుకోండి చాలు.

పొద్దున ఉత్త నీళ్ళు. రాత్రికి సబ్బు కలవని సిండెట్ బార్ (చూడ్డానికి సబ్బుబిళ్ళలాగే ఉంటుంది) గానీ క్లెన్సర్ గానీ. తుడిచీ తుడవక ముందే, తడి మీద గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మం పైపొరలో ఉండే కొవ్వులు) ఉన్న క్రీము రాయండి. కొబ్బరినూనె మానక్కర్లేదు. అది నీటిని ఇవ్వదు, ఉన్న నీటికి మూత పెడుతుంది, కాబట్టి పొడి ముఖానికి రాస్తే సగమే లాభం. నుదుటి మీద చిన్న పొక్కులు వస్తే ముఖానికి మాత్రం ఆపేయండి. సున్నిపిండి వాడితే పల్చటి బట్టలో జల్లించి, పాలమీగడతో కలిపి అద్ది కడగండి. బరకపిండితో నలుగు పెట్టినట్టు రుద్దితే గీరుకుని, ఆ గీరు మానాక నల్లమచ్చ మిగులుతుంది.

మంగుకి ఎండే కాదు, మామూలు వెలుతురూ, పొయ్యి సెగా కారణాలే. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గని, వెలుతురునీ అడ్డుకునే ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ తీసుకోండి. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. చాలామంది అందులో పావు వంతు రాసి పనిచేయలేదంటారు. పమిట చెంగుతో తుడిస్తే అదీ పోతుంది, అద్దుకోండి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. నిమ్మరసం పూసి ఎండలోకి వెళ్తే మంగు పోవడం అటుంచి, కాలి నల్లబడుతుంది.

ఒక్క హెచ్చరిక. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే 'తెల్లబడే' ట్యూబు వెనక బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉందేమో చదవండి. ఉంటే అది స్టెరాయిడ్. పదిరోజుల్లో మెరుస్తుంది, నెలల్లో చర్మం పల్చబడి, ఎర్రబడి, మీసాలు మొలుస్తాయి. ఇప్పటికే వాడుతుంటే హఠాత్తుగా మానొద్దు, మంట ఎగదన్నుతుంది. చర్మవైద్యులే తగ్గించుకుంటూ రావాలి.

ప్రశ్న: అమ్మకి 72. రాత్రయితే కాళ్ళూ వీపూ ఒకటే గోకుడు. మోకాళ్ళ కింద చర్మం ఎండిన చెరువులా బీటలు వారింది.
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వేణ్ణీళ్ళ స్నానం ఆపి, గోరువెచ్చని నీళ్ళతో పది నిమిషాల్లో ముగించండి. సబ్బు చంకలకీ, గజ్జలకీ, పాదాలకీ చాలు. రుద్దకుండా అద్ది, మూడు నిమిషాల్లోపు తెల్ల పెట్రోలియం జెల్లీ గానీ కొబ్బరినూనె గానీ పట్టించండి. ఒళ్ళంతా రోజూ రాస్తే వారానికి 200 గ్రాములైనా ఖర్చవుతుంది, చిన్న డబ్బా నెలంతా వచ్చిందంటే మీరు రాయనట్టే. 10 శాతం యూరియా క్రీము పొలుసులకి మంచిదే గానీ బీటల మీద మంటెత్తుతుంది, అవి మానాక మొదలుపెట్టండి. అరికాళ్ళకి రాస్తే మంచమెక్కాకే, లేకుంటే గచ్చు మీద జారతారు. ఆ నూనె ఇంకిన బట్టలతో పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వొద్దు, ఇట్టే అంటుకుంటాయి.

వేళ్ళ సందుల్లో, నడుం చుట్టూ పొక్కులుండి ఇంట్లో మరొకరూ గోక్కుంటుంటే అది గజ్జి, అందరికీ ఒకేసారి మందు వేయాలి. ఏ పొక్కూ లేకుండా రెండు వారాలు దాటితే షుగరు, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ పరీక్షలు చేయించండి.

ప్రశ్న: నాకు 36. రెటినాల్ ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?
- ఒక ఉద్యోగిని, భీమవరం

జవాబు: పెట్టొచ్చు. రెటినాల్ అంటే ముడతలకి రాసే ఎ విటమిన్ రకం మందు. గర్భం కోసం చూస్తున్నా, గర్భిణి అయినా వద్దు. రాత్రి ముఖం కడిగి పూర్తిగా ఆరాక బఠాణీ గింజంత, అది మొత్తం ముఖానికి. మొదటి నెల వారానికి రెండు రాత్రులే. కంటి చివరలు, ముక్కుపుటాల అంచులు, పెదవుల మూలలు వదిలేయండి, ముందు పొట్టు లేచేది అక్కడే. పొట్టు లేస్తే వారం ఆపి, ముందు క్రీము రాసి, దాని మీద రెటినాల్ మళ్ళీ మొదలుపెట్టండి. మూడు నెలల లోపు అద్దంలో తేడా వెతకొద్దు.